అర్జీ, వినతిపత్రం ఒకటి కావు

కొన్నేళ్ల కింద ఓ పత్రికకు కథ పంపాను. అందులో ఒక వాక్యం ఇలా ఉంది: ‘అమ్మీ తహసీల్దారు ఆఫీసుల అర్జీ ఇచ్చొచ్చింది.’ కథ అచ్చయింది. సంబరంగా పేజీ తిప్పి చూస్తే ఆ వాక్యం ఇలా మారి ఉంది: ‘అమ్మ తహసీల్దారు కార్యాలయంలో వినతిపత్రం సమర్పించి వచ్చింది.’ ఫోన్ చేసి అడిగాను. అవతలి మనిషి మర్యాదస్తుడే. ‘రెండూ ఒకటే కదండీ, పర్యాయపదాలు. కాస్త మంచి తెలుగులో ఉంటుందని మార్చాం’ అన్నాడు.

మా అమ్మీ జన్మలో ఎవరికీ ఏదీ ‘సమర్పించ’లేదు. అబ్బా పోయాక పింఛను కోసం ఆఫీసు చుట్టూ తిరిగింది. చెట్టు కింద కూర్చుని కాగితాలు రాసిపెట్టే ఆయనకు డబ్బులిచ్చి తెల్లకాగితం మీద రాయించుకుంది, నిశానీ వేసింది, క్లర్కు చేతిలో పెట్టింది. ఇంటికొచ్చి ‘అర్జీ ఇచ్చొచ్చిన’ అంది. ఆమె చేసిన పనికి ఆమె వాడిన మాట అది. అచ్చులో ఆమె పనీ మారిపోయింది, మాటా మారిపోయింది, అమ్మీ కాస్తా అమ్మ అయింది. ఒక్క ‘తహసీల్దారు’ను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. తహసీల్ అరబ్బీ మాట, దార్ ఫార్సీ. అధికారి పేరు ఏ భాషలో ఉన్నా చెల్లుతుంది. దిద్దుబాటుకు వచ్చేది అడిగేవాళ్ల మాటే.

ఈ వ్యాసం ఆ దిద్దుబాటు గురించి.

సర్కారు ముందు పెట్టే కాగితానికి తెలుగులో పేర్లకు కరువు లేదు. అర్జీ, దరఖాస్తు, ఫిర్యాదు, దావా, మహజరు ఒక వరస. విన్నపం, వినతిపత్రం, విజ్ఞప్తి, అభ్యర్థన, నివేదన, ప్రతిపాదన మరో వరస. నిఘంటువులు వీటిని పక్కపక్కన పెట్టి ఒకదానికి ఒకటి అర్థంగా చెబుతాయి. నా మటుకు ఇవి పర్యాయపదాలు కావు. అడిగే మనిషి ఎక్కడ నిలబడి ఉన్నాడో, ఎంత వంగి ఉన్నాడో ఒక్కో మాట ఒక్కో తీరుగా చెబుతుంది.

‘అర్జ్’ అంటే ఎదుట పెట్టడం. ఉన్న మాటను తెచ్చి నలుగురి ముందు ఉంచడం. ముషాయిరాలో షాయర్ షేర్ చదవబోతూ ‘అర్జ్ కియా హై’ అంటాడు చూడండి, ఆ అర్జ్ నుంచే ఈ అర్జీ వచ్చింది. కవి తన మాటను సభ ముందు పెట్టడానికీ, ముసలామె తన కష్టాన్ని ఆఫీసులో పెట్టడానికీ ఒకటే మాట. దరఖాస్తులో ఉన్నది ఫార్సీ ‘ఖాస్తన్’, అంటే కోరుకోవడం. ఫిర్యాదు అసలుకు ఒక కేక. దెబ్బ తిన్నవాడి గొంతులోంచి వచ్చే ఫర్యాద్. ఆ కేకను కాగితం మీద రాసుకుని పోలీసు స్టేషన్‌లో మొహరు వేయించుకుంటే మన ఫిర్యాదు అయింది. దావా అంటే హక్కు చెప్పడం. ‘ఇది నాది’ అనడం. అందులో బతిమాలుకోవడం లేదు.

రెండో వరసకు వద్దాం. వినతి అంటేనే వంగడం, నమస్కారం. నివేదన, నైవేద్యం ఒకే ఇంటివి. సమర్పించడం గుడిలో చేసే పని. విన్నపం సంస్కృత విజ్ఞాపనానికి తద్భవం. కింది నుంచి పైకి, భక్తుడి నుంచి స్వామికి వెళ్లే మాట. ఈ మాటల్లో అందం లేదని నేను అనను. భక్తిలో అవి ఎంత గొప్ప కవిత్వాన్నిచ్చాయో తెలుగువాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. కానీ దేవుడి ముందు వంగడం వేరు, క్లర్కు ముందు వంగడం వేరు. గుడి భాషను తెచ్చి ఆఫీసులో పెడితే కుర్చీలో కూర్చున్నవాడు దేవుడైపోతాడు. పౌరుడు భక్తుడైపోతాడు.

ఇక ‘ప్రతిపాదన’ సంగతి చూడండి. ఊళ్లో రోడ్డు కోసం జనం ఇచ్చేది వినతిపత్రం. అదే రోడ్డు గురించి ఇంజనీరు పైకి పంపేది ప్రతిపాదన. అడిగేది ఒకటే రోడ్డు. పేదవాడి కాగితానికి ప్రతిపాదన అన్న పేరు పెట్టిన వార్త నేనింతవరకు చదవలేదు. ప్రతిపాదించడానికి బుద్ధి ఉండాలి, హోదా ఉండాలి అని భాష ముందే తీర్పు చెప్పేసింది.

‘మంచి తెలుగు’ అన్న ఆ పెద్దమనిషిని నేను తప్పు పట్టను. ఆయనకు బడిలో నేర్పింది అదే. సంస్కృతం నుంచి వచ్చిన మాటకు మన వ్యాకర్తలు తత్సమం, తద్భవం అని పేర్లు పెట్టారు. ‘దానితో సమానం’, ‘దానినుంచి పుట్టింది’ అని. అరబ్బీ, ఫార్సీల నుంచి వచ్చిన మాటకు పెట్టిన పేరు ‘అన్యదేశ్యం’. రెండూ బయటి నుంచి తెలుగులోకి వచ్చినవే. ఒకదాన్ని చుట్టరికంతో పిలిచారు, రెండోదాన్ని ఊరి బయటే నిలబెట్టారు. వందల ఏళ్లుగా తెలుగువాడి నోట్లో నలిగి, చివర ‘ఉ’ చేర్చుకుని, తెలుగు విభక్తులు తగిలించుకుని తిరుగుతున్న దరఖాస్తు ఇంకా పరదేశే. నిఘంటువులో ఆ మాట పక్కన ఉన్న గుర్తును చూసినప్పుడల్లా నాకు మా బస్తీ గుర్తుకొస్తుంది. ‘మీరు ఎక్కడినుంచి వచ్చారు?’ అనే ప్రశ్న మాటలనూ వదల్లేదు, మనుషులనూ వదల్లేదు.

అసలు ఈ మాటల్ని తెలుగులోకి తెచ్చిందెవరు? ముస్లింలు అని అందరూ అనుకుంటారు. రికార్డులు వేరే కథ చెబుతాయి. గోలకొండ సుల్తానుల కాలం ఫర్మానాల్లో ఫార్సీ పక్కన తెలుగూ ఉన్నవి ఉన్నాయి. తానీషా కొలువులో పెత్తనం చేసిన అక్కన్న, మాదన్న బ్రాహ్మణులు. భద్రాచలం రామదాసుగా మనం కొలిచే కంచర్ల గోపన్న తహసీల్దారు ఉద్యోగి. లెక్కలు రాసింది కరణాలు, దేశపాండ్యాలు, వాళ్ల గుమాస్తాలు. 19వ శతాబ్దం మొదట్లో కాలిన్ మెకంజీ కోసం ఊరూరి చరిత్ర రాసిచ్చిన కాగితాలకు ‘కైఫియత్తులు’ అని అరబ్బీ పేరే నిలిచింది. అందులో దేవాలయాల మాన్యాల వివరాలు కూడా ఆ పేరు కిందే ఉన్నాయి. ఈ కచేరీ మాటలు ఎన్ని పేరుకున్నాయో చూసిన సి.పి. బ్రౌన్ 1854లో వాటికోసం విడిగా ఒక మిశ్రభాషా నిఘంటువే అచ్చు వేశాడు. అంటే ఈ మాటలు సాయిబుల నోటి నుంచి కంటే కరణాల కలం నుంచే ఎక్కువగా తెలుగులోకి దిగాయి. ఇవి తెలుగు సమాజం అంతా కలిసి కూడబెట్టుకున్న ఆస్తి. ఇవాళ లెక్క చూసేటప్పుడు మాత్రం మా ఒక్కరి ఖాతాలో రాస్తున్నారు.

ఇంకో సంగతి. సంస్కృతం కూడా కలవని అచ్చ తెలుగులో పొన్నెగంటి తెలగన ‘యయాతి చరిత్ర’ రాశాడు. అచ్చతెనుగు కావ్యాల్లో అదే మొదటిదని చెబుతారు. దాన్ని అంకితం తీసుకున్నది అమీన్‌ఖాన్, పటాన్‌చెరువు ప్రాంతపు గోలకొండ అధికారి. తెలుగును శుభ్రం చేస్తామని బయల్దేరేవాళ్లు ఈ ఒక్క అంకితాన్ని గుర్తు పెట్టుకుంటే చాలు.

ఇంతవరకు చెప్పింది విని మావాళ్లలో కొందరు సంబరపడతారు. ‘చూశారా, సర్కారు భాషంతా మనదే’ అంటారు. వాళ్లతోనూ నాకు పేచీ ఉంది.

ఫార్సీ ఎవరిది? దూదేకులాయనదా? హజాందా? అత్తరు సాయిబుదా? గారడీ సాయిబుదా? హైదరాబాద్ రాజ్యంలో 1880ల దాకా ఫార్సీ, ఆ తర్వాత ఉర్దూ కచేరీని ఏలాయి. ఆ కచేరీ మెట్లెక్కలేక తెలుగు రైతు పడ్డ అవస్థ నిజం. తన గోడును తనకు రాని భాషలో రాయించుకోవాల్సి వచ్చింది. ఆ అవమానంలోంచే తెలంగాణలో తెలుగు కోసం ఉద్యమం పుట్టింది. దాన్ని ముస్లిం రచయితలు ఒప్పుకోకుండా అస్తిత్వం గురించి మాట్లాడితే అది సగం నిజమే. అయితే రెండో సగం కూడా చెప్పాలి. ఆ మెట్ల కింద రైతు పక్కనే పేద ముస్లిం కూడా నిలబడి ఉన్నాడు. ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకులకు ఆ ఫార్సీ ఎంత దూరమో ఈ ‘వినతి’ కూడా అంతే దూరం. ఏలినవాడి మతం మాది కాబట్టి ఏలుబడి మాదేనని చరిత్ర పుస్తకాలు మాకు అంటగట్టాయి. మా ఇళ్లలో వెతికితే దొరికేవి ఫర్మానాలు కాదు, జవాబు రాని అర్జీల నకళ్లు.

ఉర్దూ, ఫార్సీలను ఏలిన కవే అర్జీదారుగా బతికాడు. గాలిబ్ తనకు రావాల్సిన కుటుంబ పింఛను కోసం ఢిల్లీ నుంచి బయల్దేరి 1828లో కలకత్తా చేరాడు. కంపెనీ సర్కారు ముందు దరఖాస్తు పెట్టుకున్నాడు. ఏళ్లు గడిచాయి, అది నెగ్గలేదు. గాలిబ్‌కే దిక్కు లేనప్పుడు మిగతావాళ్ల మాట ఏం చెప్పాలి!

అర్జీ ఇచ్చేవాళ్లలోనూ తరగతులున్నాయి. 1906 అక్టోబర్ 1న ఆగాఖాన్ వెంట 35 మంది ముస్లిం పెద్దలు సిమ్లాలో వైస్రాయి మింటోను కలిసి తమ కోర్కెల పత్రం ఇచ్చారు. అది మొత్తం ముస్లింల తరఫున ఇచ్చినట్టే చరిత్రకెక్కింది. అందులో ఉన్నది పేరూ ఆస్తీ ఉన్నవాళ్లు. మగ్గం నేసే మోమిన్, దూది ఏకే నూర్‌బాషా ఆ గదిలో లేరు. వాళ్ల పేరు మీద వాళ్లు లేకుండా పెట్టిన ఆ అర్జీ ఫలితాన్ని మాత్రం 1947లో వాళ్లే ఎక్కువగా మోశారు. అందుకే ‘ముస్లింల విజ్ఞప్తి’ అని ఏ కాగితం కనిపించినా కింద సంతకాలు ఎవరివో ముందు చూడమంటాను.

మాటలు ఊరికే వలస రావు. వచ్చిన చోట వాటి తలరాత మారుతుంది. మూడు మాటలు చూడండి.

‘వాదా’ అంటే మాట ఇవ్వడం. కచేరీలో పడి తెలుగులో వాయిదా అయింది. ఇచ్చిన మాట కాస్తా తప్పించుకునే మాటగా మారడానికి మన కోర్టులూ ఆఫీసులూ ఎంత కష్టపడి ఉండాలి! ‘మంజూర్’ అంటే చూడబడినది. చూస్తే చాలు, ఒప్పుకున్నట్టే అన్నమాట. మంజూరు కాని అర్జీ అంటే అసలు ఎవరూ కన్నెత్తి చూడని అర్జీ.

మూడోది ముద్దాయి. దావా వేసినవాడిని, హక్కు చెప్పేవాడిని ఉర్దూలో ‘ముద్దయీ’ అంటారు. అంటే వాది. అదే మాట తెలుగులో నేరం మోపబడినవాడికి పేరైంది. అడగడానికి వచ్చినవాడు బోనులో నిలబడ్డాడు. ఇది ఎలా జరిగిందో భాషాశాస్త్రవేత్తలు చెప్పాలి. ఎలా ఉంటుందో మాత్రం మేం చెప్పగలం. 2007 మే 18న శుక్రవారం హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకు వెళ్లినవాళ్లు చనిపోయారు. తర్వాత పోలీసు కాల్పుల్లోనూ చనిపోయారు. ఆ దెబ్బ తిన్న సమాజం ఫిర్యాది. అనుమానం పేరుతో పట్టుకెళ్లింది మాత్రం ఆ సమాజపు పిల్లల్నే. వాళ్లు కోర్టుల్లో నిర్దోషులుగా బయటపడ్డారు. తర్వాత దొరికిన వేరే నిందితుల మీద కేసు కూడా 2018 ఏప్రిల్‌లో కొట్టేశారు. ఫిర్యాదు అలాగే మిగిలింది. ముద్దయీ ముద్దాయి కావడం మాకు నిఘంటువులో చదివి తెలుసుకోవాల్సిన సంగతి కాదు.

అడిగిన దానికి జవాబుగా రాజ్యం ఇచ్చేది ఇంకో కాగితం. దాని పేరు నివేదిక. 2005లో వేసిన సచార్ కమిటీ 2006 నవంబర్‌లో తన నివేదిక ఇచ్చింది. చదువులో, ఉద్యోగాల్లో, బ్యాంకు అప్పుల్లో ముస్లింలు ఎంత వెనకబడి ఉన్నారో సర్కారు అంకెలతోనే చెప్పింది. రంగనాథ్ మిశ్రా కమిషన్ నివేదిక 2007లో చేతికందితే 2009 డిసెంబర్‌లో గానీ పార్లమెంటు ముందుకు రాలేదు. తెలంగాణలో సుధీర్ కమిషన్ 2016లో మరొకటి ఇచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో బి.సి.-ఇ కింద వచ్చిన 4 శాతం రిజర్వేషన్లను 2010లో హైకోర్టు కొట్టేస్తే, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబడ్డాయి. వాటిని 12 శాతం చేయాలని 2017 ఏప్రిల్‌లో తెలంగాణ శాసనసభ ఆమోదించిన బిల్లు ఢిల్లీకి వెళ్లింది, చట్టమై తిరిగి రాలేదు. అర్జీ నివేదికైంది, నివేదిక సిఫార్సైంది, సిఫార్సు బిల్లైంది. పేరు మారిన ప్రతిసారీ కాగితం బరువెక్కింది. ఆ 4 శాతం మాత్రం ఊరికే రాలేదు. దాని వల్ల డాక్టర్లూ ఇంజనీర్లూ అయిన పిల్లలు మా బస్తీల్లో ఉన్నారు. అందుకే కాగితం దండగ అని నేననను. పోరాడి తెచ్చుకున్న కాగితానికీ, దయతలచి పడేసిన కాగితానికీ తేడా ఉందంటాను.

ఈ కాలంలో ఇంకో మలుపు తిరిగింది. ఇదివరకు మేం కాగితం పట్టుకుని సర్కారు దగ్గరికి వెళ్లేవాళ్లం. ఇప్పుడు సర్కారే కాగితం చూపించమని మా దగ్గరికి వస్తోంది. 2019 ఆగస్టు 31న అస్సాంలో వచ్చిన పౌరుల జాబితాలో 19 లక్షల మందికి పైగా పేర్లు లేవు. వాళ్లలో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. అదే ఏడాది డిసెంబర్‌లో వచ్చిన పౌరసత్వ సవరణ చట్టంలో ముస్లిం అన్న మాట ఒక్కటి వదిలేశారు. ఆ చలికాలం మా ఇళ్లలో ట్రంకుపెట్టెలు తెరుచుకున్నాయి. అబ్బా పుట్టిన తేదీ కోసం, దాదా ఇంటి పట్టా కోసం వెతుకులాట. ‘షేక్’ ఒక చోట ‘షేఖ్’గా, ‘బీ’ ఒక చోట ‘బేగం’గా ఉంటే గుండె దడ. అప్పుడు నాకు ఆ కథలోని దిద్దుబాటు మళ్లీ గుర్తొచ్చింది. అచ్చులో అమ్మీని అమ్మ చేస్తే అది మంచి తెలుగు. కాగితంలో ఒక్క అక్షరం తేడా వస్తే అది మా ప్రాణం మీదికి వస్తుంది.

ఇక సాహిత్యం దగ్గరికి వస్తాను. తెలుగులో ముస్లిం రచన ఏ వరస మాటల్లో మాట్లాడింది? చాలా కాలం వినతిపత్రం గానే ఉంది. ‘మేమూ మీలాంటివాళ్లమే, మేమూ దేశభక్తులమే, మమ్మల్ని నమ్మండి’ అని రాసుకున్నాం. మంచి సాయిబు పాత్రలు సృష్టించి చూపించాం. హిందూ స్నేహితుడి కోసం ప్రాణమిచ్చే కథలు రాశాం. మెప్పులు వచ్చాయి. మెచ్చుకున్నవాళ్లు ఇల్లు మాత్రం అద్దెకివ్వలేదు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ వచ్చాక గొంతు మారింది. 1998లో ‘జల్‌జలా’ సంకలనం నాటికి అది ఒక్కరి గొంతు కాదని తేలింది. సంజాయిషీ ఇచ్చే స్వరం పోయి నిలదీసే స్వరం వచ్చింది. విన్నపం దావాగా మారింది. ఆ కవిత్వంలో ఉర్దూ మాటలు ఎక్కువయ్యాయని మూతి విరిచినవాళ్లు ఆ మార్పును వినలేదు, యాసను మాత్రమే విన్నారు.

మాకన్నా ముందే ఈ దారి తొక్కినవాడు జాషువా. 1941 నాటి ‘గబ్బిలం’ రూపంలో ఒక విన్నపమే. గుడిలోకి రానివ్వని మనిషి తన గోడును గబ్బిలంతో కాశీలోని శివుడికి పంపుకుంటాడు. చదువుతూ పోతే అది విన్నపం దగ్గర ఆగదు. దేవుడి మీదా దేశం మీదా వేసిన దావా అవుతుంది. అంతకు ముందు రామదాసు కూడా చెరసాలలో వంగి ఊరుకోలేదు, చేయించిన నగల లెక్క చెప్పి మరీ రాముణ్ని అడిగాడు. అంటే దావా వేసే గొంతు తెలుగుకు కొత్త కాదు. అది అన్యదేశ్యం అసలే కాదు.

ఇప్పటి మా రాతల్లో మళ్లీ వినతి స్వరం తొంగి చూస్తోందని నా అనుమానం. భయం పెరిగిన కాలం కదా. రంజాన్ నెలలో పత్రికలు సేమ్యా మీద, హలీం మీద, మతసామరస్యం మీద రాయమంటాయి. రాస్తాం. వక్ఫ్ భూముల మీద, జైళ్ల మీద, మనలోనే ఉన్న అష్రాఫ్ పెత్తనం మీద రాయాలంటే కలం నెమ్మదిస్తుంది. మన ఆడవాళ్లు మన మీదే వేసిన దావాను మనం ఏ వరసలో పెట్టాం? తలాక్ గురించి, ఆస్తిలో వాటా గురించి వాళ్లు మాట్లాడితే ‘ఇది సమయం కాదు’ అని వాయిదా వేశాం. మనకు సర్కారు చేసిందే మనం వాళ్లకు చేశాం. ఈ మాట రాయకుండా నా వ్యాసం ముగిస్తే ఇదీ ఒక వినతిపత్రమే అవుతుంది.

చివరగా మహజరు గురించి ఒక మాట. ఇందులో ఉన్నది ‘హాజరు’. అక్కడ ఉన్నవాళ్లందరూ ‘మేం ఉన్నాం, చూశాం, ఇది నిజం’ అని కలిసి సంతకాలు పెట్టే కాగితం. రాజులూ దీన్ని వాడుకున్నారు. 1579లో అక్బర్ తన అధికారం కోసం ఉలేమాలతో సంతకాలు చేయించుకున్నదీ మహజరే. కానీ తెలుగు పల్లెల్లో ఊరంతా కలిసి పైవాళ్లకు పెట్టుకున్నదీ మహజరే. అందులో ఒక్కడే వంగి ఉండడు. పదిమంది నిలబడి ఉంటారు. ముస్లిం రచయితలు కలిసి ఇలాంటి పుస్తకం వేసుకుంటే దాన్ని నేను ఆ వరసలోనే పెడతాను. దానికింద దూదేకులాయన సంతకం ఉండాలి, ఖురేషీది ఉండాలి, అమ్మీ నిశానీ ఉండాలి. మతం ఏదైనా సరే, చూసిన నిజాన్ని చూశామని చెప్పగల తెలుగు పాఠకుడి సంతకానికీ కింద చోటు ఉంటుంది.

అమ్మీ అర్జీ ఏమైందని అడిగారు కొందరు, ఆ కథ చదివి. రెండేళ్లకు పింఛను మంజూరైంది. ఆ కథను పుస్తకంలో వేసుకున్నప్పుడు ఆ వాక్యాన్ని మళ్లీ మొదట రాసినట్టే రాశాను.